పన్నెండులో మిగిలిన రెండు



ఈ నెల మేము వ్రాయు సంగతి ఒక ఆటను గూర్చినది. కల్హేర్ వంటి ఊరిలో నుండు పాస్టరుకు అమెరికా కాలేజీల బాస్కెట్‌బాల్‌తో ఏమి పని అని మీరు అడుగవచ్చును. ఆ ప్రశ్న మేమును వేసికొన్నాము. అయితే ఆ ఆటలో జరిగిన ఒక మార్పు మా యింటిలోనికి, మా సంఘములోనికి, చివరకు మేము దాచిపెట్టుకొన్న ఒక ఉత్తరము వద్దకు వచ్చి నిలిచినది. గనుక వ్రాయుచున్నాము.

2023 ఆగస్టు 6, ఆదివారము. ఆరాధన ముగిసి, చాపలు చుట్టుచుండగా మా సంఘ పెద్ద ఒకాయన ఫోను పట్టుకొని మా వద్దకు వచ్చినాడు. ఆయన పత్తి రైతు. ఆయన కుమారుడు ముందటి ఏడు అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి చదువుకొనుటకు వెళ్లినాడు. ఆ కాలేజీ పుల్‌మన్ అను చిన్న ఊరిలో ఉన్నది. చుట్టును గోధుమ చేలు. "మన కల్హేర్ లెక్కనే ఉన్నది గని, చలి ఎక్కువ" అని ఆ పిల్లవాడు చెప్పుచుండును.

"అయ్యగారూ, మావోడు ఏమో పరేషాన్ల ఉన్నడు. వాళ్ల కాలేజీ ఉన్న పాక్‌ల నుంచి అందరు పోతున్నరట. పాక్ అంటె పాకిస్తానేనా? మావోడు అమెరికా పోయిండు గద!" అని ఆయన భయముతో అడిగినాడు.

ఫోను మేము తీసికొన్నాము. "పాకిస్తాన్ కాదు అయ్యగారు, పాక్-12. కాన్ఫరెన్సు. అండ్లకెల్లి ఎనిమిది కాలేజీలు పోతున్నయి" అని అతడు నవ్వుచు చెప్పినాడు. కాన్ఫరెన్సు అనగానే మేము వార్షిక కాన్ఫరెన్సు అనుకొన్నాము. పాస్టర్లకు ఆ మాటకు వేరొక అర్థము తెలియదు గదా! సభ చివర ఒక పట్టిక చదువుదురు, ఎవరు ఏ ఊరికి పోవలెనో అందులో ఉండును, మనము పెట్టె సర్దుకొందుము. ఆ పిల్లవాడు మాకు అర్థమగునట్లు చెప్పుటకు ఆ దినమంతయు పట్టినది.

మీ పిల్లలు కూడ అడుగుదురేమో గనుక క్లుప్తముగా చెప్పుదుము. మన దేశములో యూనివర్సిటీల మధ్య ఆటలు జరుగునప్పుడు ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ మండలములుగా పంచుదురు. పటము చూచి పంచిన పంపకమది. అమెరికాలో అట్లు కాదు. కొన్ని కాలేజీలు తమంతట తాము కలిసి ఒక కూటమిగా ఏర్పడి, ప్రతి సంవత్సరము తమలో తాము ఆడుకొందురు. దానినే కాన్ఫరెన్సు అందురు. పసిఫిక్ సముద్ర తీరమున ఉన్న నాలుగు కాలేజీలు 1915 డిసెంబరులో పోర్ట్‌లాండ్ పట్టణములో కూడి ఇట్టి కూటమిని కట్టినవి. వాషింగ్టన్ స్టేట్ 1917లో చేరినది. 1959లో ఆ కూటమి చెదరి మరల కట్టబడినది. 1978లో పదియైనది, 2011లో పన్నెండైనది. గనుక పాక్-12 అని పేరు.

ఈ కూటమి సామాన్యమైనది కాదు. లాస్ ఏంజలెస్‌లోని యు.సి.ఎల్.ఎ. కాలేజీ దానిలోనిదే. జాన్ వుడెన్ అను కోచ్ క్రింద ఆ జట్టు 1964 మొదలు 1975 వరకు గల పన్నెండేండ్లలో పది సార్లు దేశములో ప్రథమముగా నిలిచినది. అందులో ఏడు వరుసగా గెలిచినవి.

ఇంకొక సంగతి మమ్మును ఈ ఆటకు దగ్గర చేసినది. బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ మావలె వేదాంత విద్య చదివినవాడు. కెనడాలో పుట్టి, చిన్నతనములోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని, మాంట్రియల్‌లో దైవశాస్త్రము చదివినాడు. 1891 డిసెంబరులో, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములోని వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో, చలికి బయట ఆడలేక అల్లరి చేయుచున్న పద్దెనిమిది మంది యువకుల నిమిత్తము రెండు పీచ్ పండ్ల గంపలను బాల్కనీకి కొట్టించి, పదమూడు నియమములు వ్రాసి, ఈ ఆట ఆడించినాడు. తరువాత కాన్సాస్ యూనివర్సిటీలో జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. వింత యేమనగా, ఆ ఆటను పుట్టించినవాని జట్టు గెలిచిన ఆటల కంటె ఓడినవే ఎక్కువ.

ఇక మార్పును గూర్చి. 2022 జూన్ 30న యు.సి.ఎల్.ఎ., దాని పొరుగు కాలేజీయగు యు.ఎస్.సి., తాము దేశము నడుమ నున్న బిగ్ టెన్ అను కూటమిలో చేరుచున్నామని ప్రకటించినవి. నూరేండ్లకు దగ్గరగా కలిసి ఆడిన తోటి కాలేజీలకు ఆ మాట ముందుగా ఎవరును చెప్పలేదు. వారు వార్తలలో చూచి తెలిసికొన్నారు. ఏడాది తరువాత, 2023 జూలైలో కొలరాడో వెళ్లినది. ఆగస్టు 4న ఒక్క దినముననే ఐదు వెళ్లినవి. ఆరెగన్, వాషింగ్టన్ కాలేజీలు బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా కాలేజీలు బిగ్ 12కు. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా కాలేజీలు కూడ వెళ్లిపోయినవి. అవి చేరిన కూటమి పేరు అట్లాంటిక్ తీర కూటమి! పసిఫిక్ ఒడ్డున నిలిచి అట్లాంటిక్ తీరమని పేరు పెట్టుకొన్నట్లయినది.

కారణమేమి? టెలివిజను సొమ్ము. అదియు బాస్కెట్‌బాల్ కొరకు కాదు, ఫుట్‌బాల్ ప్రసారముల కొరకు. ఎద్దుల బండి వెనుక కట్టిన దూడవలె మిగిలిన ఆటలన్నియు వెంట పోవలసి వచ్చినది. ఇప్పుడు లాస్ ఏంజలెస్ పిల్లలు న్యూజెర్సీలోని రట్‌గర్స్ కాలేజీతో కాన్ఫరెన్సు ఆట ఆడవలెనన్న దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు పోవలెను. విమాన దారిలో హైదరాబాదు నుండి ఢిల్లీకి పోయి, తిరిగి వచ్చి, మరల ఢిల్లీకి పోయినంత దూరము. గడియారము మూడు గంటలు మారును. ఆట ముగిసిన మరునాడు తరగతికి రావలసిన విద్యార్థులు వారు.

పన్నెండులో పది పోయినవి. మిగిలినవి రెండు. పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్, కొర్వాలిస్‌లోని ఆరెగన్ స్టేట్. రెండును చిన్న ఊళ్లలోనివి. టి.వి. వారికి పెద్దగా పనికిరానివి.

ఈ సంగతి వినగానే మాకు మా ఊరు జ్ఞాపకమునకు వచ్చినది. మేము కల్హేరుకు వచ్చినది 2012లో. అప్పుడిది మెదక్ జిల్లా. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, జిల్లాలు మారినవి. మెదక్ మూడైనది, మేము సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చితిమి. అదే సమయమున కల్హేర్ మండలము నుండి సిర్గాపూర్ వేరై తానొక మండలమైనది. బడి పిల్లలు అంతవరకు మండల ఆటలలో ఒక్క జట్టుగా కబడ్డీ ఆడినవారు, మరుసటి ఏడు ఎదురెదురుగా నిలిచినారు. సిర్గాపూర్ వైపు నుండి మా సండేస్కూలుకు వచ్చు పిల్లవాడొకడు, "అయ్యగారూ, ఇగ నేను ఎవరి దిక్కు ఆడాలె?" అని అడిగిన మాట మేము మరువలేదు. అయితే దాని వలన మేలు కూడ కలిగినది. నారాయణఖేడ్‌కు డివిజను కచేరి వచ్చినది. కాగితము పనికి దూరము తగ్గినది. మార్పు అంతయు చెడ్డదని మేము చెప్పుట లేదు.

అయితే వేరొక మార్పు పటములో కనబడనిది. మేము వచ్చినప్పుడు మా సంఘములో నలుబది యొక్క కుటుంబములు. 2023 నాటికి పందొమ్మిది. కొందరు పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు, కొందరు హైదరాబాదుకు మేస్త్రీ పనికి వెళ్లినారు. వానలు సరిగా పడని ఏడు ఇంకొక రెండిండ్లకు తాళము పడును. పండుగకు వత్తురు, కానుక వేయుదురు, సాయంత్రము బస్సుకు పోవుదురు.

కాబట్టి ఆ ఆగస్టు చివరి ఆదివారమున మేము ప్రసంగములో పాక్-12 సంగతిని ఉదాహరణగా తీసికొన్నాము. సొమ్ము కొరకు పాత స్నేహమును విడిచిన ఆ ఎనిమిది కాలేజీలను గట్టిగా గద్దించితిమి. మిగిలినవాటిని మెచ్చితిమి. మాట బాగుగా సాగినదని మాకు మేమే సంతోషించితిమి.

ఆరాధన తరువాత మన పత్తి రైతు మెల్లగా వచ్చి నిలిచినాడు. "అయ్యగారూ, మా తమ్ముడు గూడ పటాన్‌చెరు పోయిండు గద. మీరు చెప్పింది వాని గురించేనా?" అని అడిగినాడు. మేము మాట్లాడలేకపోతిమి. ఆయనే మరల, "పోయినోళ్లు చెడ్డోళ్లు కాదయ్యగారు. వాన్ని కడుపు తీస్కపోయింది. మావోన్ని చదువు తీస్కపోయింది" అన్నాడు.

ప్రియులారా, ఆయనకు తెలియని సంగతి ఒకటి ఉన్నది. ఆ దినమున మా పెద్ద నోటు పుస్తకములో ఒక ఉత్తరము ఉన్నది. నగరములోని సంఘమునకు మమ్మును మార్చుడని పై పెద్దలకు మేము వ్రాసికొన్న విన్నపము. మా కుమార్తె అప్పుడు ఎనిమిదవ తరగతి. మంచి బడి కావలెను. మా యింటివారికి మోకాళ్ల నొప్పులు. మాకును, దాచుట ఎందుకు, నిండిన చర్చిలో ప్రసంగము చేయవలెనని ఆశ. ఉత్తరము వ్రాసి నెల దాటినది. సంఘములో ఒక్కరికిని చెప్పలేదు. బల్ల మీద నిలిచి వెళ్లిపోయినవారిని గద్దించిన మేమే ఆ వెళ్లువారిలో తొమ్మిదవవారము.

ఆ రాత్రి మా యింటివారితో ఈ మాట చెప్పితిమి. ఆమె దీపము తగ్గించుచు, "పోవడం తప్పు కాదండీ. మనం పోవాలనుకుంటున్నామని వాళ్లకు తెలియకపోవడమే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు" అన్నది. అయినను ఉత్తరము పుస్తకములోనే ఉండినది. ఇవ్వను లేదు, చింపను లేదు.

చలికాలము వచ్చినది. పుల్‌మన్ నుండి ఫోనులు వచ్చుచునే ఉన్నవి. మిగిలిన రెండు కాలేజీలు కోర్టుకు పోయినవని ఆ పిల్లవాడు చెప్పినాడు. పోవుచున్న పది, ఉన్న రెండు, కూటమి పెట్టె మీద అధికారము ఎవరిది? నవంబరులో కోర్టు మిగిలిన రెండింటి పక్షముగా తీర్పు చెప్పినది. డిసెంబరులో రాష్ట్ర సుప్రీము కోర్టు దానిని మార్చలేదు. తరువాత ఉభయులు రాజీపడినారు. చర్చి స్థలముల వ్యాజ్యములు చూచినవారము గనుక ఈ సంగతి మాకు వెంటనే అర్థమైనది. ఇల్లు విడుచువాడు తన సామాను తీసికొనవచ్చును గాని, ఉన్నవారి తాళపు చెవి తీసికొని పోరాదు.

ఇక పాక్-12 కడపటి కాలము. 2024 మార్చి. పుల్‌మన్ పురుషుల జట్టు ఆ ఏడు ఇరువదియైదు ఆటలు గెలిచి, 2008 తరువాత మొదటి సారి దేశపు పెద్ద పోటీకి అర్హత పొందినది. మొదటి ఆట గెలిచినది, రెండవది ఓడినది. ఆ పిల్లవాని సంతోషము చెప్పనలవి కాదు. వారము తిరుగక మునుపే ఫోనులో గొంతు తగ్గిపోయినది. "కోచ్ గూడ పోయిండు అయ్యగారు. స్టాన్‌ఫర్డ్‌కు." ఆ కోచ్ కైల్ స్మిత్. ఆయన వెనుక ఆటగాండ్రును ఒక్కొక్కరు పోయినారు. లాస్ వేగస్‌లో జరిగిన ఆ కూటమి కడపటి పోటీలో ఆరెగన్ జట్టు కొలరాడో జట్టును 75–68తో ఓడించి కిరీటము పొందినది. గెలిచినదియు ఓడినదియు, రెండును వెళ్లిపోవు జట్లే.

ఏప్రిలులో మా సంఘ కమిటీ కూడినది. లెక్కలు ముగిసిన తరువాత మేము ఆ ఉత్తరమును బయటికి తీసి మా నోటితోనే చదివితిమి. ఎప్పుడు వ్రాసితిమో, ఎందుకు వ్రాసితిమో చెప్పితిమి. ఆగస్టులో మేము చేసిన ప్రసంగము తప్పని కూడ చెప్పితిమి. కొంత సేపు ఎవరును పలుకలేదు. ఒక ముసలి తల్లి కన్నీరు తుడుచుకొన్నది. తరువాత మన రైతు, "అడుగుడు తప్పు కాదయ్యగారు. చెప్పకుంట అడుగుడే తప్పు. ఇప్పుడు చెప్పిండ్రు గద, ఇగ మీ ఇష్టం" అన్నాడు. వేరొకాయన, "బిడ్డ చదువు ఆగొద్దు. సంగారెడ్డిల హాస్టల్ల వెయ్యిండ్రి. ఫీజుకు తలా ఇంత వేస్తం" అన్నాడు. పందొమ్మిది ఇండ్లు, అందులో సగము కూలి చేసికొను ఇండ్లు. ఆ సొమ్ము మేము తీసికొనలేదు. ఆ మాట మాత్రము తీసికొన్నాము.

మేము గొప్ప త్యాగము చేసితిమని ఎవరును అనుకొనవద్దు. ఆ ఏడు ఉత్తరము ఇవ్వలేదు, అంతే. బిడ్డ హాస్టలుకు పోయినది. ఆమె లేని ఇల్లు మా యింటివారికి ఎంత కష్టమో మేము ఎరుగుదుము. మరుసటి ఏడు మరల ఆలోచించుదమని అనుకొన్నాము. ఈ సారి అందరికి తెలిసియే.

మిగిలిన ఆ రెండు కాలేజీలకు ఏమైనది? 2024 నుండి అవి నిలువ నీడ కొరకు వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్సు అను చిన్న కూటమిలో బాస్కెట్‌బాల్ ఆడినవి. పెద్దలందరు పోయిన ఇంటి బిడ్డలు మేనమామ ఇంట భోజనము చేసినట్లు. ఆరెగన్ స్టేట్ స్త్రీల జట్టు సంగతి వినుడి. 2024 మార్చిలో ఆ జట్టు దేశములో చివరి ఎనిమిదింటిలో ఒకటిగా నిలిచి, ఆ ఏడు ఒక్క ఆటయు ఓడని సౌత్ కరోలినా చేతిలో ఓడినది. తరువాత ముఖ్యమైన ఆటగత్తెలు వేరు కాలేజీలకు పోయినారు. కోచ్ స్కాట్ రూక్ మాత్రము పోలేదు. మిగిలిన పిల్లలతో, క్రొత్తగా వచ్చినవారితో సంవత్సరమంతయు పడుచు లేచుచు ఆడించినాడు. 2025 మార్చి 11న, తమది కాని ఆ కూటమి పోటీలో పోర్ట్‌లాండ్ జట్టును 59–46తో ఓడించి కిరీటము పొంది, మరల దేశపు పోటీకి వెళ్లినారు. అక్కడ మొదటి ఆటలోనే ఓడినారు. ఓడినను, వెళ్లినారు.

ఆ రెండు కాలేజీలు పాత పేరును చావనీయలేదు. 2024 శరత్కాలములో బోయీజీ స్టేట్, శాన్ డియేగో స్టేట్ మొదలైన ఐదు కాలేజీలు, బాస్కెట్‌బాల్‌కు పేరుగాంచిన గొంజాగా కాలేజీ, ఆ పై ఏడు టెక్సస్ స్టేట్, వారితో చేరుటకు ఒప్పుకొన్నవి. క్రొత్త కూటమికి 2026 జూలై 1 ఆరంభ దినముగా నిర్ణయించిరి. గొంజాగా ఉన్న స్పోకేన్ పట్టణము పుల్‌మన్‌కు పొరుగుననే ఉన్నది. పోయిన పది తిరిగి రాలేదు. పాత ఇల్లు పాత ఇల్లుగా రాదు. వేరొకటి కట్టుకొన్నారు.

మన దక్షిణ దేశములోను కూటములు మారిన దినములు లేకపోలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో వేరువేరు మిషనుల సంఘములు పాత పేళ్లు విడిచి దక్షిణ ఇండియా సంఘముగా ఏకమైనవి. అప్పుడును కొందరు ఏడ్చినారు, కొందరు వెనుక నిలిచినారు. మారుట, మారకుండుట, ఇందులో ఏది మంచిదో ముందుగా చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. మారునప్పుడు తోటివారి ముఖము చూచి మాట చెప్పితిమా లేదా అను లెక్క మాత్రము మనకు మిగులును.

క్రిందటి వేసవిలో మా రైతు పత్తి ఏరు పాత గంప ఒకటి తెచ్చి, అడుగు కోసి, చర్చి ఆవరణలోని వేపచెట్టుకు కట్టినాడు. పది అడుగుల ఎత్తు ఉండవలెనని కుమారుడు ఫోనులో చెప్పినాడట. టేపు లేక తాడుతో కొలిచినాడు. కొంచెము వంకర. సండేస్కూలు పిల్లలు ప్లాస్టిక్ బంతి వేయుచున్నారు. పటాన్‌చెరు నుండి సెలవులకు వచ్చిన ఆయన తమ్ముని పిల్లలు ఒక వైపు, ఇక్కడి పిల్లలు ఒక వైపు. చాలక పోయినప్పుడు సిర్గాపూర్ వైపు పిల్లలను ఎవరికి తక్కువైతే వారికి ఇచ్చుచున్నారు.

ఆ ఉత్తరము ఇప్పటికిని మా పుస్తకములోనే ఉన్నది. మా బిడ్డ సెలవులకు వచ్చినప్పుడు అది చూచి, "ఇంకా చింపలేదా నాన్నా?" అని అడిగినది. చింపలేదు. ఎప్పుడో ఒక దినము మేమును పోవలసియుండును. అప్పుడు మొదట ఎవరికి చెప్పవలెనో ఇప్పుడు మాకు తెలియును.